బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ తీసే ప్లాన్ కోసం కన్సల్టెంట్‌ని పెట్టుకోవడం ఎట్టా? కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు ఊళ్ళకి పూర్తి గైడ్

మన మెట్ట ఊళ్ళలో ఫ్లోరైడ్ గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లా. మన దేశంలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ వల్ల పళ్ళూ ఎముకలూ పాడయ్యే జబ్బు గురించి డాక్టర్లు రాసిన తొలి రిపోర్టులు 1937లో వచ్చింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే, కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ అప్పుడు నెల్లూరు కిందే ఉండేవి, ప్రకాశం జిల్లా వచ్చింది 1970లో కదా. అంటే ఇది మూడు నాలుగు తరాల సమస్య. పిల్లల పళ్ళ మీద గార, నలభై దాటగానే వంగని నడుము, ఇవి చూసి చూసి ఊళ్ళో ఎవరో ఒకరు "ఇంక చాలు, ఏదో ఒకటి చేద్దాం" అని లేస్తారు. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న ఊరి పిల్లలు డబ్బులు పంపిస్తామంటారు. వారం తిరక్కుండా ఒక ఆర్వో ప్లాంటు డీలర్ దిగి, ఒక బాటిల్ నీళ్ళు తీసుకుని, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం) మీటర్ ముంచి, కొటేషన్ ఇచ్చి వెళ్ళిపోతాడు. రెండు మూడేళ్ళకి ఆ షెడ్డుకి తాళం పడుతుంది.

అక్కడ లేనిది డబ్బు కాదు, యంత్రం అమ్మని మనిషి సలహా. ఆ మనిషిని ఎట్టా వెతకాలి, ఏం అడగాలి, ఏం రాయించుకోవాలి, డబ్బులు ఎట్టా ఇవ్వాలి అనేది ఇక్కడ రాస్తున్నా. సర్పంచులకి, నీటి కమిటీల వాళ్ళకి, స్కూలు కమిటీలకి, ఊరికి డబ్బు పెట్టాలనుకునే వాళ్ళకి పనికొస్తుంది. నెల్లూరు, ఒంగోలులో బోరు మీద బతికే అపార్ట్‌మెంట్లకి కూడా చాలా భాగం సరిపోతుంది.

1. ముందు అసలు అవసరమా అని చూడండి

ఒక్క స్కూలు, ఒక్క హాస్టల్ అయితే కన్సల్టెంట్ దాకా పోనక్కర్లా, ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ఏఈ గారిని కలిసి ల్యాబ్ రిపోర్టు చూపిస్తే దారి దొరుకుతుంది. మీ ఊరికి సాగర్ కాలవ నీళ్ళతోనో, రామతీర్థం రిజర్వాయర్ నీళ్ళతోనో, సోమశిల నీళ్ళతోనో నడిచే రక్షిత మంచినీటి స్కీము ఎప్పుడొస్తుందో కూడా ముందే కనుక్కోండి, వచ్చే ఏడాదే పైపులైను వచ్చేస్తుంటే ఇప్పుడు లక్షలు పోసి ప్లాంటు కట్టడం దండగ, ఆ ఏడాది వరకు ట్యాంకర్ నీళ్ళతో గడపడం నయం. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు వస్తాయి కదా అని ఎదురుచూస్తూ కూర్చునే ఊళ్ళు మాత్రం ఒక సంగతి ఆలోచించాలి, తేదీ చేతిలో లేని నీళ్ళ కోసం ఇప్పుడు పాలపళ్ళు ఊడుతున్న పిల్లల్ని ఆపలేం. పాలపళ్ళ తర్వాత వచ్చే పళ్ళు చిగుళ్ళ లోపల తయారయ్యే ఆ ఏడెనిమిదేళ్ళ లోపే గార పడేది.

కన్సల్టెంట్ కచ్చితంగా కావాల్సింది ఎప్పుడంటే, ఊళ్ళో నాలుగైదు బోర్లుండి ఒక్కోదాంట్లో ఒక్కో రకంగా ఫ్లోరైడ్ వస్తున్నప్పుడు, ఫ్లోరైడ్‌తో పాటు నైట్రేటో ఉప్పదనమో కూడా ఉన్నప్పుడు, ఊరంతటికీ సరిపోయే పని తలపెట్టినప్పుడు.

2. మీ నీళ్ళ సంగతి మీకు తెలియాలి

కన్సల్టెంట్‌ని పిలిచే ముందే ఇది చెయ్యాలి. ఎందుకంటే చేతిలో నంబర్లు లేకుండా పిలిస్తే ఆయన చెప్పిందే మనకి వేదం అవుతుంది, చేతిలో రిపోర్టు పెట్టుకుని పిలిస్తే ఆయనే జాగ్రత్తగా మాట్లాడతాడు.

ఊళ్ళో నీళ్ళు పరీక్ష చేసే కిట్ ఉంటుంది, జల్ జీవన్ మిషన్ కింద ఊరికి కనీసం అయిదుగురు ఆడవాళ్ళకి దాని మీద ట్రైనింగ్ ఇవ్వాలి. ఆ కిట్‌తో ప్రతి బోరూ, ప్రతి చేతిపంపూ ఒకసారి చూడండి. రంగు పోల్చి చెప్పే పరీక్ష కాబట్టి అది ఎక్కువ తక్కువలు తెలుసుకోడానికే, దాన్ని పట్టుకుని ప్లాంటు డిజైన్ చెయ్యకూడదు. అందులో తేడాగా కనపడ్డవి, ఇప్పుడు తాగుతున్నవి ల్యాబ్‌కి పంపండి. ఒంగోలు, నెల్లూరుల్లో ఆర్‌డబ్ల్యూఎస్ ల్యాబులున్నాయి, ప్రైవేటుకి పోతే ఎన్ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్నది చూసుకోండి, అది కూడా ఫ్లోరైడ్ పరీక్షకి గుర్తింపు ఉందా అని అడగాలి, ల్యాబ్‌కి గుర్తింపు ఉన్నంత మాత్రాన అన్ని పరీక్షలకీ ఉన్నట్టు కాదు.

శాంపిల్ పట్టే తీరులోనే సగం తప్పులు జరుగుతాయి. మోటార్ వేసి పది పదిహేను నిమిషాలు పారనిచ్చాక పట్టాలి, పైపులో నిలిచిన నీళ్ళు కాదు. ఫ్లోరైడ్‌కి ప్లాస్టిక్ బాటిల్ వాడాలి, గాజు సీసా వద్దు. అదే నీళ్ళతో మూడు సార్లు కడిగి నింపాలి. నైట్రేట్ కూడా చూడాలంటే ఐసు డబ్బాలో పెట్టి రెండు రోజుల్లోపు ల్యాబ్‌కి చేర్చాలి. లోహాల కోసం అయితే నైట్రిక్ యాసిడ్ వేసిన బాటిల్ ల్యాబ్ వాళ్ళే ఇస్తారు, దాన్ని కడగొద్దు. బాటిల్ మీద బోరు పేరు, లోతు, తేదీ రాయండి, "రామాలయం దగ్గర బోరు" అని రాస్తే చాలు ఊరివాళ్ళకి అర్థమవుతుంది కానీ లోతు లేకపోతే కన్సల్టెంట్‌కి సగం సమాచారం పోయినట్టే.

ఏమేం పరీక్షలు చేయించాలి అంటే, ఫ్లోరైడ్ ఒక్కటే చేయించి ఊరుకోవద్దు. పీహెచ్, టీడీఎస్, ఆల్కలినిటీ (యాసిడ్‌ని తట్టుకునే గుణం), మొత్తం కాఠిన్యం, కాల్షియం, నైట్రేట్, క్లోరైడ్, సల్ఫేట్, ఐరన్, సిలికా, ఇవన్నీ కావాలి. మనది గ్రానైట్, నైస్ రాయి నేల కాబట్టి యురేనియం కూడా ఒక్కసారి చూపిస్తే మంచిది, దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకి 30 మైక్రోగ్రాములు. తాగే నీళ్ళకి మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఐఎస్ 10500, 2012లో సవరించింది, దాని ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా సర్దుకోవచ్చు. నైట్రేట్ 45 దాటకూడదు, దానికి ఏ సడలింపూ లేదు. టీడీఎస్ 500 మంచిది, గత్యంతరం లేకపోతే 2000 దాకా.

వానలకి ముందు, అంటే మే నెలలో ఒకసారి, వానలయ్యాక డిసెంబరు జనవరిలో ఒకసారి చేయించండి. మనకి ఈశాన్య వానలే ముఖ్యం కాబట్టి నెల్లూరు వైపు నవంబరులో పట్టిన శాంపిల్ మంచి మార్కులే చూపిస్తుంది, దాన్ని నమ్ముకుని ప్లాంటు కడితే మండు వేసవిలో చాలదు.

3. ఎన్ని నీళ్ళు శుద్ధి చెయ్యాలో లెక్క వేసుకోండి

ఇది చిన్న లెక్కే. ఊళ్ళో 2000 మంది ఉన్నారనుకోండి. తాగడానికి, వండుకోడానికి మనిషికి రోజుకి 8 నుంచి 10 లీటర్లు, అంటే రోజుకి ఎక్కువలో ఎక్కువ 20,000 లీటర్లు. అదే జల్ జీవన్ మిషన్ చెప్పే 55 లీటర్ల లెక్కన మొత్తం వాడకానికి శుద్ధి చెయ్యాలంటే 1,10,000 లీటర్లు. స్నానానికి, గేదెలు కడగడానికి ఫ్లోరైడ్ తీసిన నీళ్ళు అక్కర్లేదు కాబట్టి మొదటి లెక్కే సరైంది. వంటకి మాత్రం తప్పకుండా లెక్కపెట్టండి, చాలా ఊళ్ళలో క్యాన్ నీళ్ళు తాగడానికే వాడి అన్నం, పప్పు మాత్రం బోరు నీళ్ళతోనే ఉడికిస్తున్నారు. ఉడికిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరయ్యే కొద్దీ మిగిలిన దాంట్లో చిక్కబడుతుంది.

4. పని కాగితం మీరే రాయండి

అసలు పట్టు అంతా ఇక్కడే ఉంది కాబట్టి దీనికి టైం తీసుకోండి. కన్సల్టెంట్ చెయ్యాల్సిన పని ఏందో రెండు పేజీల్లో మనమే రాయాలి, ఆఫీసుల్లో దీన్నే టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్ అంటారు. "ఆర్వో ప్లాంటు డిజైన్ చేసి ఇవ్వండి" అని రాస్తే తీర్పు మనమే ఇచ్చేసి సంతకం కోసం ఆయన్ని పిలిచినట్టు. "మా ఊరి 2000 మందికి ఏడాది పొడుగునా, మే నెలతో సహా, ఫ్లోరైడ్ 1 లోపు, నైట్రేట్ 45 లోపు ఉన్న నీళ్ళు తాగడానికీ వంటకీ అందే దారులన్నీ చూసి, ఒక్కోదానికి కట్టే ఖర్చు, పదేళ్ళు నడిపే ఖర్చు పోల్చి, ఏది మంచిదో కారణాలతో చెప్పాలి" అని రాయండి. ఈ ఒక్క వాక్యం సరిగ్గా ఉంటే మిగతా కాగితం దాని వెనకాలే వస్తుంది.

దారులన్నీ అన్నాం కదా, వాటిలో యంత్రం లేని దారులు కూడా ఉండాలని పేరు పెట్టి రాయండి. కాలవ నీళ్ళతో నింపే మంచినీళ్ళ చెరువు దగ్గర్లో ఉంటే దాన్నుంచి తెచ్చుకోవడం, ఫ్లోరైడ్ తక్కువున్న వేరే బోరో తోటల్లో పాత బావో వెతకడం, రెండు నీళ్ళు కలపడం. కలపడం అనేది చాలామంది తీసిపారేస్తారు గానీ లెక్క చూడండి: బోరులో ఫ్లోరైడ్ 3 ఉండి చెరువు నీళ్ళలో 0.4 ఉంటే, ఒక బిందె బోరు నీళ్ళకి మూడున్నర బిందెల చెరువు నీళ్ళు కలిపితే 1 లోపుకి వస్తుంది. మందు లేదు, కరెంటు యంత్రం లేదు, క్లోరిన్ వేసుకుంటే చాలు. బోరులో 6 ఉంటే ఇది కుదరదు, చెరువు నీళ్ళే దాదాపు మొత్తం కావాల్సి వస్తుంది. ఇట్టాంటిది నిజాయితీగా లెక్క వేసి చెప్పే కన్సల్టెంట్ దొరికితే ఆయన ఫీజు ఆ ఒక్క పేజీతోనే వచ్చేసినట్టు.

కాగితంలో ఇంకా ఉండాల్సినవి: ఆయనే ఎన్నిసార్లు ఊరికి రావాలి, శాంపిళ్ళు ఎవరు పట్టాలి, ల్యాబ్ ఖర్చు ఎవరిది, శుద్ధి చేశాక మిగిలే చెడ్డ నీళ్ళూ బురదా ఎక్కడికి పోతాయి, ప్లాంటు నడిపే మనిషికి ఏం చదువు కావాలి, రిపోర్టు తెలుగులో కూడా ఇవ్వాలి, గ్రామసభలో నిలబడి జనం అడిగినదానికి జవాబు చెప్పాలి. తెలుగు రిపోర్టు అని గట్టిగా అడగండి. ఇంగ్లీషు రిపోర్టు బీరువాలోకి పోతుంది, తెలుగులో ఉంటే నీటి కమిటీలో ఉన్న డ్వాక్రా అక్కలు కూడా చదివి ప్రశ్నలు వేస్తారు, రేపు బిందె పట్టుకుని నిలబడేది వాళ్ళే.

5. ఎవర్ని అడగాలి

మూడు చోట్ల వెతకండి. ఒకటి, ఇంజనీరింగ్ కాలేజీలు, యూనివర్సిటీల్లో పర్యావరణ ఇంజనీరింగ్ చెప్పే ప్రొఫెసర్లు, వీళ్ళు కాలేజీ ద్వారా కన్సల్టెన్సీ తీసుకుంటారు, ల్యాబ్ కూడా వాళ్ళ దగ్గరే ఉంటుంది. రెండు, నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ), నాగపూర్‌ది, హైదరాబాద్‌లో వాళ్ళ సెంటర్ ఉంది, ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతి కనిపెట్టింది వాళ్ళే. మూడు, రిటైరైన ఆర్‌డబ్ల్యూఎస్, పబ్లిక్ హెల్త్ ఇంజనీర్లు. నన్నడిగితే చిన్న ఊరికి ఒక రిటైర్డ్ ఇంజనీరు, ఒక ప్రొఫెసరు కలిసి చేస్తే బాగుంటుంది, ఒకరికి మన నేల, మన కరెంటు, మన పంచాయతీల సంగతి తెలుసు, ఇంకొకరికి కెమిస్ట్రీ తెలుసు. భూగర్భ జలాల సంగతి తెలిసిన జియాలజిస్టుని కొత్త బోరు ఆలోచన ఉంటేనే కలపండి.

కనీసం ముగ్గురికి అదే కాగితం, అదే ల్యాబ్ రిపోర్టు పంపండి. ముగ్గురినీ ఇంతకుముందు చేసిన ఊళ్ళ పేర్లు అడగండి, ఆ ఊరికి ఫోన్ చేసి ఊరుకోకుండా ఎవరైనా వెళ్ళి చూసి రావాలి, అది కూడా ప్లాంటు పెట్టి రెండేళ్ళు దాటిన ఊరికి. ప్రారంభోత్సవం రోజు ఫోటో అందరి దగ్గరా ఉంటుంది.

6. కూర్చోబెట్టి అడగాల్సిన ప్రశ్నలు

మొదటి ప్రశ్న సూటిగా అడగండి: "ఏ ప్లాంటు కంపెనీ నుంచైనా, ఫ్లోరైడ్ పట్టే గుళికలు (మీడియా) అమ్మేవాళ్ళ నుంచైనా మీకు కమిషన్ గానీ, వాటా గానీ, బంధువుల వ్యాపారం గానీ ఉందా?" నోటి మాట చాలదు, రాతలో ఇవ్వమనండి. డిజైన్ చేసినవాళ్ళు ప్లాంటు సప్లై టెండర్‌లో పాల్గొనకూడదని కూడా రాయించుకోండి. మంచి కన్సల్టెంట్ దీనికి కోపగించుకోడు.

తర్వాత కెమిస్ట్రీ. మనకి కెమిస్ట్రీ రాకపోయినా పర్లేదు, ఎట్టాంటి జవాబు రావాలో తెలిస్తే చాలు.

యాక్టివేటెడ్ అల్యూమినా, అంటే నీళ్ళలోంచి ఫ్లోరైడ్‌ని పట్టుకునే గుళికలు, చెప్తే, "మా నీళ్ళలో ఆల్కలినిటీ ఇంత, పీహెచ్ ఇంత, మరి ఈ మీడియా ఎన్ని లీటర్లకి అయిపోతుంది?" అనండి. ఆ మీడియా పీహెచ్ 5.5, 6 దగ్గర బాగా పట్టుకుంటుంది, మన మెట్ట బోర్లలో పీహెచ్ 7.5 పైన, బైకార్బొనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ, అసలు ఫ్లోరైడ్ రాయిలోంచి నీళ్ళలోకి దిగేది అట్టాంటి నీళ్ళలోనే. కాబట్టి బ్రోషర్‌లో రాసిన సామర్థ్యం మన దగ్గర రాదు, చాలా తగ్గిపోతుంది. "మీ నీళ్ళతో కాలమ్ (మీడియా నింపిన గొట్టం) పెట్టి చూడాలి" అంటే ఆయనకి పని తెలుసు. అంకె టక్కున చెప్పేస్తే అనుమానించండి. మీడియా నిండిపోయాక కాస్టిక్ సోడాతో కడిగి మళ్ళీ యాసిడ్‌తో సరిచెయ్యాలి, ఆ కడిగిన నీళ్ళలో ఫ్లోరైడ్ చాలా ఎక్కువ, అది ఎక్కడ పోస్తారు, ఊళ్ళో కాస్టిక్ ఎవరు ముట్టుకుంటారు, గ్లోవ్స్, కళ్ళద్దాలు ఎవరిస్తారు, ఇవి కూడా అడగండి.

నల్గొండ పద్ధతి చెప్తే, పటిక, సున్నం, బ్లీచింగ్ వేసి కలిపి తేర్చే పద్ధతి, చవక, మన చేతిలో పని, కానీ ఫ్లోరైడ్ ఎక్కువై ఆల్కలినిటీ కూడా ఎక్కువైతే పటిక విపరీతంగా పడుతుంది, బురద ఎక్కువ వస్తుంది, సరిగ్గా నడపకపోతే నీళ్ళలో అల్యూమినియం మిగిలిపోతుంది. అల్యూమినియం హద్దు లీటరుకి 0.03 మిల్లీగ్రాములు, మరీ దారి లేకపోతే 0.2. "శుద్ధి చేసిన నీళ్ళలో అల్యూమినియం ఎంత వస్తుంది?" అనేది ఇక్కడ అసలు ప్రశ్న.

ఆర్వో చెప్తే, ఫ్లోరైడ్, నైట్రేట్, ఉప్పు మూడూ తీస్తుంది, అందుకే అందరూ దానికే మొగ్గుతారు. మీ నీళ్ళలో నైట్రేట్ 45 దాటి ఉంటే పైన చెప్పిన రెండు పద్ధతులూ దాన్ని తియ్యవు, అప్పుడు ఆర్వో వైపు పోవడంలో న్యాయం ఉంది. కానీ లెక్క చూడండి. 20,000 లీటర్ల మంచినీళ్ళు కావాలి, సగం నీళ్ళే పనికొస్తాయనుకుంటే బోరులోంచి 40,000 లీటర్లు తోడాలి. బోరులో ఫ్లోరైడ్ 4 ఉంటే, వదిలేసే 20,000 లీటర్లలో ఇంచుమించు 8 ఉంటుంది, ఫ్లోరైడ్ ఎక్కడికీ మాయమవదు కదా. ఆ నీళ్ళు ప్లాంటు పక్కనే ఇంకుడు గుంతలోకి పోతే తిరిగి మన బోరులోకే దిగుతాయి. పశువుల తొట్టిలోకి పోతే గేదెలకీ ఫ్లోరోసిస్ వస్తుంది, వాటికీ పళ్ళూ ఎముకలూ పాడవుతాయి. మరుగుదొడ్లకి, ప్లాంటు కడుక్కోడానికి కొంత వాడొచ్చు, మిగతాదానికి ప్లాస్టిక్ షీటు పరిచిన ఆవిరి గుంత కావాలి, దానికి ఎంత స్థలం కావాలో ఆయన లెక్కతో చెప్పాలి. నీళ్ళే లేని ఊళ్ళో రోజుకి 20,000 లీటర్లు వదిలెయ్యడం బోరు తట్టుకుంటుందా అనేది కూడా మే నెలలో మోటార్ నడిపి చూడాల్సిన సంగతి.

ఇంకొకటి, ఇది మనసులో పెట్టుకోండి. కనిగిరి, పీసీపల్లి వైపు కిడ్నీ జబ్బులతో కుటుంబాలే నలిగిపోయాయి, కాబట్టి "ఈ ప్లాంటు పెడితే కిడ్నీ జబ్బు పోతుంది" అంటే జనం ఏదైనా ఇస్తారు. ఎవరైనా ఆ మాట ఇస్తే ఆయన్ని పెట్టుకోవద్దు. నీళ్ళ ఇంజనీరు చెప్పగలిగింది నీళ్ళలో ఏం ఎంత తగ్గుతుందనే, జబ్బు సంగతి డాక్టర్లది.

7. ఫీజు, అగ్రిమెంటు

తక్కువ కోట్ చేసినవాళ్ళకే ఇవ్వడం ఇసక తోలించడానికి బాగుంటుంది, సలహాకి కాదు. ముందు పని తీరుకి మార్కులు వెయ్యండి: చేసిన ఊళ్ళు, మనతో మాట్లాడిన విధానం, మన నీళ్ళ రిపోర్టు చదివి వేసిన ప్రశ్నలు. ఆ తర్వాత ఫీజు కవర్ విప్పండి. ఫీజు మొత్తంగా మాట్లాడుకోండి, ప్లాంటు ఖర్చులో ఇంత శాతం అని మాత్రం ఒప్పుకోవద్దు, అట్టా ఒప్పుకుంటే ప్లాంటు పెద్దదయ్యే కొద్దీ ఆయనకి లాభం. జీఎస్టీ కలిపా విడిగానా ముందే అడగండి, కన్సల్టెన్సీ మీద మామూలుగా 18 శాతం పడుతుంది.

డబ్బులు విడతలుగా ఇవ్వాలి. పని మొదలుపెట్టినప్పుడు కొంచెం, దారులు పోల్చిన రిపోర్టు గ్రామసభ ముందు పెట్టాక కొంత, ట్రయల్ అయ్యాక కొంత, చివరి డిజైన్, టెండర్ కాగితాలు ఇచ్చాక కొంత. ఆఖరి పది శాతం ఆపుకోండి, దాని సంగతి చివర్లో చెప్తా. పంచాయతీ డబ్బు అయితే తీర్మానం లేకుండా ఒక్క రూపాయి కదలొద్దు, దాతల డబ్బు అయినా అదే పద్ధతి పెట్టుకుంటే రేపు మాట రాదు. ల్యాబ్ రిపోర్టులు, డ్రాయింగులు, లెక్కల ఫైళ్ళు ఊరివని రాయించుకోండి.

8. ట్రయల్ లేకుండా ముందుకి పోవద్దు

మీ బోరు నీళ్ళతోనే ట్రయల్ చెయ్యాలి, వేరే ఊరి ఫలితం చూపిస్తే కుదరదు. నల్గొండ పద్ధతికైతే జార్ టెస్టు, ఒకేసారి ఆరు జాడీల్లో వేర్వేరు మోతాదుల పటిక వేసి చూడడం, ఒక్క రోజు పని. అల్యూమినాకి చిన్న కాలమ్ పెట్టి నీళ్ళు పారిస్తూ ఫ్లోరైడ్ మళ్ళీ 1 దాటేదాకా కొలవాలి. ఆర్వోకి సిలికా, కాఠిన్యం చూసి మెంబ్రేన్ (నీళ్ళని వడగట్టే పొర) ఎంత కాలం బతుకుతుందో లెక్క వేయించాలి. శుద్ధి చేసిన నీళ్ళ శాంపిల్ కన్సల్టెంట్ ల్యాబ్‌లో ఒకటి, ఆయనకి సంబంధం లేని ల్యాబ్‌లో ఒకటి చూపించండి. పటిక వాడిన నీళ్ళకి ఫ్లోరైడ్ కొలిచేటప్పుడు అల్యూమినియం అడ్డొచ్చి రంగు పరీక్ష తప్పు చూపించొచ్చు, ఎలక్ట్రోడ్ పద్ధతిలో కొలవమనండి.

9. రిపోర్టు చేతికొచ్చాక

ముందు ఆఖరి పేజీలు చూడండి, నడిపే ఖర్చు అక్కడుంటుంది. కరెంటు, మెంబ్రేన్లు లేదా మీడియా, మందులు, నడిపే మనిషి జీతం, ల్యాబ్ పరీక్షలు, రిపేర్లు, బురద తీసెయ్యడం, ఇవన్నీ కలిపి 20 లీటర్ల క్యాన్‌కి ఎంత పడుతుందో రాసి ఉండాలి. ఆ రేటు మీ ఊరి కూలీ ఇంటివాళ్ళు రోజూ ఇవ్వగలరా? ఇవ్వలేకపోతే తేడా ఎవరు భరిస్తారు, పంచాయతీనా, దాతా, ఎన్నేళ్ళు? దాత కట్టడానికి ఇస్తాడు, నడపడానికి ఇచ్చేవాళ్ళు తక్కువ. మెంబ్రేన్ మార్చాల్సిన రోజు డబ్బు లేకే చాలా షెడ్లకి తాళాలు పడింది. అందుకే నెలనెలా కొంత పక్కన పెట్టే ఖాతా ఒకటి రిపోర్టులోనే లెక్కతో సహా ఉండాలి.

ప్లాంటు మొదలయ్యాక నెలకోసారి కిట్‌తో, మూడు నెలలకోసారి ల్యాబ్‌లో చూసి ఆ అంకెలు షెడ్డు గోడ మీద పెద్దగా రాయాలి. ఇక ఆపుకున్న ఆ పది శాతం, అది ప్లాంటు ఒక పూర్తి వేసవి నడిచాకే ఇవ్వాలి. మే నెల శాంపిల్‌లో ఫ్లోరైడ్ 1 దాటితే కన్సల్టెంట్ సొంత ఖర్చుతో ఊరికి వచ్చి, కారణం కనిపెట్టి, సరిచేసే మార్గం రాసివ్వాలి. ఈ లైన్ అగ్రిమెంటులో లేకపోతే సంతకం పెట్టొద్దు.